అమ్మమ్మ వీణ మీద మనవరాలి గాంధారం

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఒడిశాలోని ఈ ఊళ్లలో వీణ ఉన్న తెలుగు ఇళ్లు ఇంకా ఉన్నాయి. బీరువా మీదో, మంచం పక్కన గోడకి ఆనించో, పాత పట్టుచీర కప్పి ఉంటుంది. అమ్మమ్మ వాయించేది. అమ్మ నేర్చుకోవడం మొదలుపెట్టి, పెళ్లితోనో ఉద్యోగంతోనో వదిలేసింది. ఇప్పుడు మనవరాలిని కూర్చోబెడతారు. మూడు నాలుగు నెలలు తొలి పాఠాలైన సరళి వరుసలు సాగుతాయి. తర్వాత పిల్ల వీణ దగ్గరికి రావడం తగ్గించేస్తుంది. "దీనికి చెవి లేదు" అని ఇంట్లో తేల్చేస్తారు.

ఆ తీర్పు ఇచ్చే ముందు వీణని ఒకసారి పరీక్షించాలి. దశాబ్దాల పాటు మేళం కట్టించని, అంటే మెట్లు సరిచేయించని వీణ అయితే, తప్పు పిల్ల చెవిలో ఉండే అవకాశం కన్నా మెట్ల కింది మైనంలో ఉండే అవకాశమే ఎక్కువ. చెవి బాగున్న పిల్లే అలాంటి వీణతో ముందు విసిగిపోతుంది. శ్రుతిపెట్టె ఒకటి చెబుతుంది, వీణ ఇంకొకటి చెబుతుంది. ఏది నమ్మాలో ఎనిమిదేళ్ల పిల్లకి ఎలా తెలుస్తుంది?

వీణకి 24 మెట్లు. కంచువో ఇత్తడివో అయిన ఆ మెట్లు గిటారు మెట్లలా కొయ్యలో దిగి ఉండవు. వీణ మెడ అయిన దండికి రెండు పక్కలా పొడుగునా పోసిన మైనపు గట్ల మీద కూర్చుంటాయి. తేనెమైనంలో గుగ్గిలం, బొగ్గుపొడి కలిపి కాచిన నల్లమైనం అది. ఒక్కో మెట్టుని స్వరం వింటూ జరిపి, పలికిన చోట అదిమి నిలబెట్టడాన్నే మేళం కట్టడం అంటారు. తేనెమైనం కరిగేది 62–64 డిగ్రీల దగ్గరే అయినా, 35 దాటితే చాలు మెత్తబడడం మొదలుపెడుతుంది. మెత్తబడ్డ మైనం మీద వేళ్ల ఒత్తిడి పడుతూ ఉంటే మెట్టు వెంట్రుకవాసి కుంగుతుంది, ఒక పక్కకి ఒరుగుతుంది. ఒక్క వేసవిలో తెలియదు. ఇరవై వేసవులు గడిచాక ఆ వెంట్రుకవాసులన్నీ కలిసి మిల్లీమీటర్లవుతాయి.

అమ్మమ్మకి ఇది ఎందుకు తెలియలేదన్నది అసలు ప్రశ్న. ఇప్పటికీ ఆవిడ వాయిస్తే కల్యాణి కల్యాణిలాగే ఉంటుంది. "వీణకేం, బాగానే ఉంది" అంటుంది, నిజాయితీగానే అంటుంది. కారణం వీణ వాయించే పద్ధతిలోనే ఉంది. తీగని మెట్టు మీద నొక్కి పక్కకి లాగితే స్వరం పెరుగుతుంది. లాగి తగ్గించడం మాత్రం కుదరదు. మెట్టు మేరువు (దండి పై కొసన తీగలు ఆనే పట్టీ) వైపు జరిగి స్వరం కొంచెం తగ్గి పలుకుతోందనుకోండి, నలభై ఏళ్లు వాయించిన వేలు చెవి చెప్పినట్టు దాన్ని తనంతట తానే కాస్త లాగి సరిచేసుకుంటుంది. ఆవిడకి ఆ లాగుడు స్పృహలో కూడా ఉండదు. మెట్టు గుర్రం (కుండ అనే వీణ పొట్ట మీద తీగలు ఆనే చిన్న వంతెన) వైపు జరిగి స్వరం హెచ్చితే మాత్రం ఏ వేలూ ఏమీ చేయలేదు. అప్పుడే "మేళం కదిలింది, కట్టించాలి" అన్న మాట వస్తుంది. కాబట్టి హెచ్చిన మెట్లు ఎప్పుడో ఒకప్పుడు బాగుపడతాయి, తగ్గిన మెట్లు అమ్మమ్మ వేలిచాటున ఏళ్ల తరబడి దాగి ఉంటాయి.

మనవరాలికి ఆ వేలు లేదు. మొదటి ఏడాది తీగని లాగవద్దనే చెబుతారు, నిటారుగా నొక్కి మీటమంటారు. మెట్టు ఎలా ఉంటే అలాగే ఆమెకి పలుకుతుంది. ఒకే వీణ ఇద్దరికి రెండు రకాలుగా వినిపించేది ఇందుకే.

దీనికి తోడు సరళి వరుసలు నడిచేది మాయామాళవగౌళలో. మొదటిదైన సారణి తీగ మీద ఆ రాగానికి కావలసిన మెట్లు ఏడే: ఒకటో మెట్టు శుద్ధ రిషభం, నాలుగు అంతర గాంధారం, అయిదు శుద్ధ మధ్యమం, ఏడు పంచమం, ఎనిమిది శుద్ధ ధైవతం, పదకొండు కాకలి నిషాదం, పన్నెండు తారషడ్జం. రెండో తీగ మంద్ర పంచమానికి శ్రుతి చేసి ఉంటుంది గనక దాని మీద అవే ఒకటి, నాలుగు, అయిదు మెట్లు ధైవతం, నిషాదం, షడ్జం అవుతాయి. నాలుగో మెట్టు ఒక్కటి తగ్గిందంటే పిల్లకి గాంధారమూ మంద్ర నిషాదమూ రెండూ తప్పు వినిపిస్తాయి. రోజుకి అరగంట సాధనలో ఆ మెట్టు మీదికి ఎన్నిసార్లు వస్తుందో లెక్క వేసుకోవచ్చు. తప్పు స్వరం అన్నిసార్లు విన్న చెవి దానికే అలవాటు పడిపోతుంది, లేదా ఎదురు తిరుగుతుంది.

పరీక్షించడానికి పండితులు రానక్కర్లేదు, పాడటం కూడా రానక్కర్లేదు. ముందు సారణి తీగ, రెండోదైన పంచమం తీగ కొత్తవి వేయాలి. తుప్పు పట్టిన తీగ పొడుగునా ఒకే మందంలో ఉండదు, దాని మీద ఏ మెట్టు పలుకూ నమ్మదగింది కాదు. కొత్త తీగ ఒక రోజంతా సాగుతూనే ఉంటుంది, అందుకని పరీక్ష మర్నాడు పెట్టుకోవాలి. శ్రుతి చేశాక పంచమం తీగని అయిదో మెట్టు దగ్గర నొక్కి మీటితే, నొక్కని సారణి తీగతో సరిగ్గా కలవాలి. మూడోదైన మంద్రం తీగని ఏడో మెట్టు దగ్గర నొక్కితే నొక్కని పంచమం తీగతో కలవాలి. రెండూ ఒకే స్థాయి స్వరాలు కాబట్టి తేడా ఉంటే ధ్వనిలో అలలు లేస్తాయి, "వావ్ వావ్" మని ఊగుతుంది. ఆ ఊగుడు సంగీతం రానివాళ్లకీ వినిపిస్తుంది. పన్నెండో మెట్టుకి ఇంకో పద్ధతి ఉంది. తీగ సరిగ్గా సగం దగ్గర వేలు నొక్కకుండా తాకించి మీటగానే తీసేస్తే, గంటలాంటి సన్నని స్వరం వస్తుంది. పన్నెండో మెట్టు మీద నొక్కినప్పుడు వచ్చేదీ అదే కావాలి. నొక్కినది తక్కువగా ఉంటే మెట్టు మేరువు వైపు, ఎక్కువగా ఉంటే గుర్రం వైపు జరిగిందన్నమాట.

ఫోనులో శ్రుతి చూపే యాప్ ఇప్పుడు అందరి దగ్గరా ఉంది. దాన్ని షడ్జ పంచమాలకి వాడుకోవచ్చు. గాంధార నిషాదాలకి దాని ముల్లుని నమ్మి మెట్లు కదిలించకూడదు. ఆ యాప్ అష్టకాన్ని 12 సమభాగాలు చేసి, ఒక్కో భాగాన్ని 100 సెంట్లుగా లెక్క కడుతుంది. షడ్జంతో కలిసి పలికే అంతర గాంధారం ఆ లెక్కకి సుమారు 14 సెంట్లు కిందే ఉంటుంది, కాకలి నిషాదం సుమారు 12 సెంట్లు కింద ఉంటుంది. చెవితో కట్టిన మంచి మేళం మీద ముల్లు ఆ మేరకు ఎడమకి వాలితే అది దోషం కాదు. 30, 40 సెంట్లు వాలితే దోషమే.

మెట్ల మీద అనుమానం పడే ముందు గుర్రాన్ని చూడాలి. కుండ మీద నిలబడి ఉండే గుర్రాన్ని జిగురుతో అతికించరు, తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. దుమ్ము దులుపుతూ ఎవరో తీగలన్నీ ఒకేసారి వదులు చేసి ఉంటారు. గుర్రం పడిపోయి ఉంటుంది, కంటికి నచ్చిన చోట మళ్లీ నిలబెట్టి ఉంటారు. గుర్రం నుంచి మేరువు దాకా తీగ పొడవు 84 సెంటీమీటర్లు అనుకుంటే, గుర్రం నుంచి పన్నెండో మెట్టు 42 దగ్గర, ఏడోది 56 దగ్గర, అయిదోది 63 దగ్గర, ఇరవైనాలుగోది 21 దగ్గర ఉండాలి. నొక్కినప్పుడు తీగ బిగువు కొంచెం పెరుగుతుంది కాబట్టి మెట్లు ఈ లెక్కకి కాస్త మేరువు వైపే ఉంటాయి. ఇప్పుడు గుర్రం మూడు మిల్లీమీటర్లు ముందుకి, మేరువు వైపు జరిగిందనుకుందాం. షడ్జం మళ్లీ శ్రుతి చేసుకున్నా, పన్నెండో మెట్టు దగ్గర 6 సెంట్లు హెచ్చు వస్తుంది, ఇరవైనాలుగో మెట్టు దగ్గర అది సుమారు 19 సెంట్లవుతుంది. పైకి పోయేకొద్దీ తేడా క్రమంగా పెరుగుతుంటే దోషం గుర్రానిది. మధ్యలో ఒకటి రెండు మెట్లే తప్పు పలుకుతుంటే మైనానిది. ఈ ఒక్క తేడా తెలియక, గుర్రాన్ని మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిపితే పోయేదానికి మేళమంతా విప్పించిన ఇళ్లున్నాయి.

స్వరం సరిగ్గానే ఉండి "జర్ర్" మని చీల్చుకుపోతుంటే కారణం వేరు. కుంగిన మెట్టు మీద నొక్కితే తీగ దాని పక్కన గుర్రం వైపున్న ఎత్తు మెట్టుకి తగిలి అలా మోగుతుంది. లేదా మెట్టు మీద తీగ కోసుకుపోయి గాడి పడి ఉంటుంది. లేదా గుర్రం మీది కంచు రేకులో గాడి పడి ఉంటుంది. నొక్కని తీగ కూడా జర్రుమంటే గుర్రం రేకు, ఒక మెట్టు దగ్గరే జర్రుమంటే ఆ మెట్టో దాని పక్కదో.

ఈ సరిహద్దు జిల్లాల్లో వీణ ఏ ఊళ్లో ఉందన్నదాన్ని బట్టి దాని జబ్బులు మారతాయి. బరంపురానికి గోపాలపూర్ సముద్రం దగ్గర. ఉప్పుగాలికి ఉక్కు తీగలు త్వరగా నల్లబడతాయి. వాయించాక పొడిగుడ్డతో ప్రతి తీగనీ పైనా కిందా తుడవాలి, వేళ్లు జారడానికి రాసుకునే కొబ్బరినూనెని కూడా ఆ తుడుపుతోనే తీసేయాలి. వానాకాలంలో అక్కడ తీగలు బిగించే కొయ్య బిరడాలు ఉబ్బి తిరగవు. బలవంతంగా తిప్పితే బిరడా మెడ విరుగుతుంది. బయటికి తీసి నీడన ఆరబెట్టి, పొడి సబ్బు కాస్త రుద్ది పెడితే తిరుగుతుంది. కొరాపుట్ పీఠభూమి మీద చలికాలపు పొడిగాలికి దీనికి వ్యతిరేకం: బిరడాలు ముడుచుకుని జారిపోతాయి, సుద్దపొడి రాయాలి. ఆ చలికే మైనం పెళుసెక్కి గట్టు నెర్రెలిస్తుంది. రాయగడ, గుణుపురం వేసవికి మైనం మెత్తబడి మెట్లు కుంగుతాయి. పడమటి గోడకి ఆనించిన వీణకి ఆ గోడ వేడే చాలు. మే నెలలో వీణని కారు డిక్కీలో పెట్టి మధ్యాహ్నం ప్రయాణం చేస్తే మేళం మీద ఆశ వదులుకోవాలి.

మేళం కట్టించకపోవడం ఇంటివాళ్ల అశ్రద్ధే అనడం న్యాయం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయ్యేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. 1919లో విజయనగరంలో మహారాజా సంగీత కళాశాల మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు దాని తొలి అధ్యక్షుడు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ తెలుగు కవి, పండిత పోషకుడు. సంగీతం నేర్చుకునేవాళ్లకి, వాయిద్యం బాగు చేయించుకునేవాళ్లకి అప్పట్లో దారి అటే. ఆ దారి ఇప్పటికీ మూసుకుపోలేదు గానీ, వీణ వాయించే ఇళ్లు పలచబడ్డాయి. వీధికో వీణ ఉన్న రోజుల్లో మేళం కట్టే మనిషిని పిలిపిస్తే నాలుగిళ్ల పని ఒక్క ప్రయాణంలో అయ్యేది. ఒక్క వీణ కోసం పిలిపించడం భారం, వీణనే మోసుకుపోవడం ఇంకా భారం. వాయిదా పడుతూ వస్తుంది.

మోసుకుపోక తప్పదనుకుంటే దగ్గరి చోటు బొబ్బిలి. ఆ పక్కనే ఉన్న గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశంవాళ్లు తరతరాలుగా పనసకొయ్యతో వీణలు చేస్తున్నారు. కుండా దండీ ఒకే దుంగ నుంచి తొలిచే ఏకాండి వీణకి ఆ ఊరు పేరు. బొబ్బిలి వీణకి 2011లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రాయగడ నుంచి పార్వతీపురం మీదుగా నేరుగా రైలుంది. జయపురం, కొరాపుట్ వాళ్లకీ రాయగడ మీదుగానే దారి. బరంపురం వాళ్లు విజయనగరంలో మారాలి. బయల్దేరే ముందు తీగల్ని రెండు మూడు స్వరాల మేర దించాలి, పూర్తిగా వదలకూడదు. గుర్రం నాలుగు మూలలా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. సొరకాయ బుర్రని మర విప్పి వేరే గుడ్డలో చుట్టాలి. ఎత్తేటప్పుడు ఒక చెయ్యి కుండ కింద, ఇంకో చెయ్యి దండి కింద. దండి కొసన ఉండే యాళి ముఖం పట్టుకుని ఎత్తితే అతుకు వదులుతుంది.

మేళం కట్టడం ఒకటి రెండు రోజుల పని. పాత మైనాన్ని కరిగించి వడకట్టి, కొత్త మైనం, గుగ్గిలం కలిపి మళ్లీ గట్టు పోస్తారు. గాడి పడ్డ మెట్లని ఆకురాయితో నున్నగా చేస్తారు, మరీ లోతైతే కొత్తవి వేస్తారు. వేడి కడ్డీతో మైనాన్ని మెత్తబరుస్తూ, తీగ మీద వింటూ ఒక్కో మెట్టునీ నిలబెడతారు. అక్కడ చెప్పాల్సిన మాటలు మూడున్నాయి, చాలామంది చెప్పరు. వీణ ఉండే ఊరు ఏది, ఏ శ్రుతిలో వాయిస్తారు, ఏ మందం తీగలు వేస్తారు. ఊరు ఎందుకంటే మైనంలో గుగ్గిలం పాళ్లు దాన్ని బట్టి ఉండాలి: వేడి ఊరికి గట్టి మైనం, చలి ఊరికి కాస్త మెత్తని మైనం. తీగ మందం ఎందుకంటే, సుమారు 0.3 మిల్లీమీటర్ల సారణి తీగ మీద కట్టిన మేళం ఇంటికొచ్చి అంతకన్నా లావు తీగ వేస్తే అంతే కచ్చితంగా పలకదు. పని అయ్యాక మనవరాలినే కూర్చోబెట్టి, లాగకుండా నిటారుగా నొక్కి సరళి వరుస వాయించమనాలి. అమ్మమ్మ వాయించి చూసి సరే అంటే, ఆ పరీక్ష మళ్లీ మొదటికే వస్తుంది.

నేర్చుకుని మానేసిన మధ్య తరం, అంటే పిల్ల తల్లిదండ్రులు, ఇందులో తమకి పనేమీ లేదనుకుంటారు. వాయించడం ఇద్దరి పని, కానీ వీణని వాయించదగ్గ స్థితిలో ఉంచడం ఎవరి పనీ కాకుండా పోయింది. అమ్మమ్మ చేతుల్లో ఇప్పుడు బిరడా తిప్పే బలం లేదు, పిల్లకింకా రాలేదు. రోజూ శ్రుతి చేయడం, తీగ మార్చడం, ఆర్నెల్లకోసారి పై పరీక్ష చేయడం మధ్య తరం చేతికి రావాలి. తీగ మార్చడం కష్టమేమీ కాదు. ఒక్కసారికి ఒక్క తీగే విప్పాలి, అప్పుడు గుర్రం కదలదు. తీగ కొసని ఉచ్చులా మెలిపెట్టి, గుర్రం వెనక తీగని పట్టి ఉంచే లంగరుకి తగిలించి, గుర్రం మీదుగా, మెట్ల మీదుగా, మేరువు గాడిలోంచి తీసుకెళ్లి బిరడా రంధ్రంలో దూర్చాలి. మూడు నాలుగు చుట్లు పక్కపక్కన పడేలా చుట్టాలి. చుట్ల మీద చుట్లు పడితే శ్రుతి నిలవదు. తెగిన పాత తీగ ముక్కని పారేయకుండా కొత్తది కొనడానికి మందం కొలతకి పట్టుకెళ్లాలి.

పాఠంలో ఇంకో చిక్కు సరిహద్దుకే ప్రత్యేకం. బడిలో పిల్లకి హిందుస్తానీ పద్ధతిలో సరిగమలు చెబుతారు. అక్కడ శుద్ధ రి అంటే వీణ మీద రెండో మెట్టు. ఇంట్లో శుద్ధ రి అంటే ఒకటో మెట్టు. ధైవతానికీ ఇదే తేడా: అక్కడ తొమ్మిది, ఇక్కడ ఎనిమిది. పేరు ఒకటే, చోటు వేరు. ఇది ముందే చెప్పకపోతే పిల్ల బడిలో ఒప్పుగా పాడింది ఇంట్లో తప్పవుతుంది. "అక్కడ భైరవ్ అంటే ఇక్కడి మాయామాళవగౌళే" అని ఒక్కసారి వాయించి చూపిస్తే ముడి విడిపోతుంది.

లిపి సంగతీ అంతే. ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదివే పిల్లకి అమ్మమ్మ రాసుకున్న తెలుగు పాఠాల పుస్తకం చదవడం రాదు. స్వరాలని ఒడియా అక్షరాల్లో తిరగరాసి ఇవ్వడం తేలిక దారే గానీ, ఆ దారి గీతాల దగ్గర ఆగిపోతుంది. సరిగమపదనిలో అక్షరాలు ఏడే. పైన చుక్క తారస్థాయి, కింద చుక్క మంద్రం, కామా ఒక అక్షరకాలం, సెమికోలన్ రెండు. ఈ కాసిని గుర్తులు వారం రోజుల్లో పట్టుబడతాయి. ఆ తర్వాత గీతం సాహిత్యంలో ఒక్కో కొత్త అక్షరం చేరుతూ పోతుంది. స్వరాల పుస్తకమే పెద్దబాలశిక్ష అవుతుంది.

ఇంట్లో ఉన్నది హార్మోనియం అయినా, వయొలిన్ అయినా ఇదే జాగ్రత్త. పద్యనాటకాల నాటి హార్మోనియంలో చిలుము పట్టి ఇత్తడి రీడ్ల స్వరం దిగిపోతుంది. రీడు కొసన సన్నగా గీకితే స్వరం పెరుగుతుంది, మొదట్లో గీకితే తగ్గుతుంది, పోయిన లోహం మళ్లీ రాదు కాబట్టి ఇది చెయ్యి తిరిగినవాళ్ల పని. వయొలిన్‌కి మెట్లే లేవు గనక ఈ మైనం బెడద లేదు, గుర్రం వాలిందేమో చూసుకుంటే చాలు.

మేళం కట్టించి తెచ్చాక వీణ పెట్టెలో ఒక అట్టముక్క పెట్టి ఉంచాలి. మేళం కట్టిన తేదీ, గుర్రం నుంచి మేరువుకి పొడవు మిల్లీమీటర్లలో, గుర్రం నుంచి పన్నెండో మెట్టుకి పొడవు, శ్రుతి, ఒక్కో తీగ మందం. కింద ఖాళీ జాగా వదలాలి. ఆర్నెల్లకోసారి కొలిచిన అంకె అక్కడ రాస్తూ పోతే, నాలుగో మెట్టు ఏ వేసవిలో కదిలిందో, ఆ ఏడు వీణ ఏ గదిలో ఉందో పాతికేళ్ల తర్వాత ఆ పెట్టె తెరిచినవాళ్లకి తెలుస్తుంది.